కిలో ఎంత?

మస్కట్ నించి నేను తెచ్చినయి మూడే:
ఒక కంబలి, ఒక డబ్బా ఖర్జూరాలు,
ఒక పాత నీళ్ల అద్దం, దానికో ఊపిరి గొట్టం.
కంబలి అక్క తీస్కపోయింది.
ఖర్జూరాలు చాపల సొసైటీ మీటింగుల ఒడిసినయి.
అద్దం మాత్రం దండెం మీద, వలల పక్కన,
ఏ పనికీ రాకుంట యేలాడింది.

నాలుగేండ్లు నేను జేసిన కొలువు గదే, అవ్వా.
సీబ్ రేవుల, కోడి కూయకముందు,
ఇరవై అద్దాలు ఉప్పు వోయేదాక కడుగుడు,
లోపట ఉమ్మి రాసి తుడుసుడు, ఆవిరి వట్టకుంట.
"నీ ఉమ్మినా?"
ఎవల ఉమ్మి వాళ్లదే. సిగ్గువడెటోళ్లకు నాది.
ఓదెమ్మ కొంగు నోట్లె వెట్టుకొని నవ్వింది.

గంటసేపు సముద్రం మీద పోతం.
పడవోడు ఇంజన్ బందువెడతడు.
అప్పటిదాక సెల్ఫీలు దిగినోళ్లు గూడ
గుళ్లె నిలవడ్డట్టు అయితరు.
కింద ఒక నీడ, పడవకన్న పొడుగు నీడ.
సొర జాతే, కని కరవదు.
నర్సంపేట డిపోల ఆగిన బస్సు
పానం వచ్చి కదిలితె ఎట్లుంటదో అట్ల.
వీపు నిండ పేలాలు చల్లినట్టు తెల్ల మచ్చలు.
నోరు దర్వాజ లెక్క తెరిసి,
నూకలకన్న సన్నం పురుగులు తాగుకుంట,
మనం ఉన్నమనే ఎరుకే లేనట్టు పోతది.

అవ్వ జొన్నరొట్టె తిప్పుకుంట అడిగింది:
"కిలో ఎంత?"

అమ్మరు.
"కోసి ఎండవెడతరా మరి?"
పట్టనే పట్టరు. ముట్టుకుంటె జుర్మానా.
జర్మనోళ్లు, జపానోళ్లు,
ఒకపాలి మన హనుమకొండ కొత్తజంట,
మనిషికి ముప్పై రియాళ్లు,
మన లెక్కల ఆరువేల పైన ఇచ్చి,
గొట్టం పండ్లతోని కరుసుకొని
నీళ్ల మీద బోర్ల వండి చూత్తరు. గంతే.

రొట్టె మాడింది.
"చూసుడుకు పైసలా," అన్నది.

నలభై ఏండ్లు పాకాల చాపను
తట్టల చూసింది, తక్కెట్ల చూసింది,
బూడిద రుద్ది పొలుసు తీయంగ చూసింది.
కన్ను మసకవడ్డదా, మొప్ప ఎర్రగున్నదా,
ఏలుతోని ఒత్తి చూసింది.
ఈదంగ చూడలే.
నాకు అప్పుడే తట్టింది. ఆమెకు గూడ.
పొయ్యిల కట్టె ఎగదోసి
ఇంకో రొట్టె ఒత్తుడు మొదలువెట్టింది.

కార్తీకంల నీళ్లు జర తేటవడ్డయి.
థర్మాకోల్ తెప్ప మీద తూము అవతలికి తీస్కపోయిన.
గోచి వెట్టి, రొమ్ములోతుల దిగి,
అద్దంల ఉమ్మింది, నేను నేర్పకముందే.
గొట్టం వద్దన్నది,
"నా ఊపిరి నాకుంది."

మొఖం ముంచింది.
నెరిసిన కొప్పు ఊడి నీళ్ల మీద పరుసుకుంది.
నేను లెక్కవెట్టిన, అక్కడ అలవాటే:
ఇరవై, ముప్పై, నలభై.
కింద ఏమున్నదో నాకు ఎరుకే.
అడుసు, ఒక మద్ది మోడు,
మా నాయిన పోయిన ఏడు చిక్కి తెగిన వల.
ఆరువేలు ఇచ్చేంత ఏం లేదు.
యాభై ఐదు. భుజం పట్టి లేపుదామనుకున్న.

లేసింది. ముక్కు సుట్టు ఎర్రగ గీత,
బొట్టు సగం కడుక్కపోయింది.
"ఏం గనవడ్డది?"
"పచ్చగ. ఏం లేదు."
తెప్ప ఒడ్డుకు తగిలేదాక సప్పుడు జెయ్యలే.
దిగి కొంగు పిండుకుంట అన్నది:
"కొర్రమట్ట. పిల్లలను ఏసుకొని తిరుగుతాంది.
గుప్పెడు కుంకుమ నీళ్లల్ల కదిలినట్టు, అన్ని పిల్లలు.
నా దిక్కు మళ్లి నిలవడ్డది."

అంగట్ల కొర్రమట్ట నాలుగు వందల యాభై.
రూపాయి దించలే.
ఎప్పటి లెక్కనే తొట్టిల చెయ్యి వెట్టి పెద్దదాన్ని ఏరింది.
బండకు కొట్టేముందు
దాన్ని కండ్లదాక ఎత్తి, ఒక్క గడియ పట్టుకుంది.
తాజాదేనా అని చూత్తాందేమో అనుకొని
కొనేటాయన తొందర జేసిండు.